పోతన సరస్వతి చేతిలో వీణ లేదెందుకు?

పోతన భాగవతం మొదట్లో సరస్వతిని ప్రార్థించే పద్యంలోని చివరి పాదం "వాణికి నక్షదామ శుక వారిజ పుస్తక రమ్యపాణికిన్", అంటే జపమాల, చిలుక, తామర, పుస్తకం చేతుల్లో ఉన్న వాణికి అని. ఇందులో వీణ లేదేమిటని ఒకరు అడిగారు. ఛందస్సు కుదరక వదిలేసి ఉంటాడని ఒకరిద్దరు అన్నారు. నేను ఒప్పుకోను. ఉత్పలమాల కాబట్టి యతి (పాదం మొదటి అక్షరంతో కుదరాల్సిన చోటు) పదో అక్షరం, వాణిలోని ‘వా’కి వారిజలోని ‘వా’ సరిపోయింది, అంతవరకు నిజమే. కానీ ప్రాస, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం, చూడండి: క్షోణి, శ్రోణి, శ్రేణి, వాణి! వీణ అనే మాట ఇంత సులువుగా ఇమిడే పద్యంలో పోతనకి అది తట్టలేదంటే ఎలా నమ్ముతాం?

మనలో చాలామందికి "యా కుందేందు" అనే సరస్వతీ స్తోత్రం నోటికొచ్చు, అందులో "వీణావరదండమండితకరా" ఉంది కాబట్టి ఆ రూపమే మనసులో ముద్రపడింది. దిల్‌సుఖ్‌నగర్ వైపు దసరా మండపాల్లో కూడా మూలా నక్షత్రం రోజున వీణతోనే అలంకారం. కానీ ఆ స్తోత్రంలోనే తర్వాత వచ్చే "దోర్భిర్యుక్తా చతుర్భిః" చదవండి. నాలుగు చేతులు, స్ఫటికమాల, తెల్లతామర, చిలుక, పుస్తకం. పోతన చెప్పినవి సరిగ్గా ఈ నాలుగే, కాబట్టి ఆయన ధ్యానించింది ఈ రూపాన్నేనని నా అభిప్రాయం.

ఇక అర్థం సంగతి. పద్యంలోని అక్షదామం అంటే అక్షమాల, జపమాల, ‘అ’ నుంచి ‘క్ష’ దాకా ఉన్న అక్షరాల మాల అని కూడా పెద్దలు చెప్తారు, బాసరలో పిల్లలకి అక్షరాభ్యాసం చేయించే అమ్మవారికి ఇంతకన్నా తగిన ఆభరణం ఏముంటుంది? చిలుక విన్నదాన్ని పలుకుతుంది, పుస్తకం ఆ పలికినదాన్ని నిలుపుతుంది. తామరకి పై పాదంలోనే జత ఉంది, తోయజాతభవుడంటే తామరలో పుట్టిన బ్రహ్మ.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది చిలుకే. ఇది భాగవతం మొదట్లో చేసిన ప్రార్థన, ఆ కథని పరీక్షిత్తుకి చెప్పినవాడు శుకమహర్షి, శుకమంటే చిలుకే. సంస్కృత మూలంలో ప్రథమ స్కంధంలోనే "నిగమకల్పతరోర్గలితం ఫలం శుకముఖాత్" అని ఉంది, వేదమనే కల్పవృక్షం నుంచి రాలిన పండు శుకుడి నోట అమృతమైందని, చిలుక కొరికిన పండు తీపెక్కువన్న భావం కూడా అందులోనే ఉంది. అలాంటి గ్రంథాన్ని తెలుగు చేయబోతూ అమ్మవారి చేతిలో శుకాన్ని తలుచుకున్నాడంటే అది యాదృచ్ఛికం అనిపించడం లేదు. ఇంకే తెలుగు పద్యంలోనైనా సరస్వతి చేతిలో చిలుక ఉంటే ఆ పద్యం కింద రాయండి, చూడాలని ఉంది.