దక్షిణావర్తం: శంఖానికి ఒక అర్థం, శాస్త్రానికి మరొకటి

నత్తల, శంఖాల కర్పరం (పైగుల్ల) ఎటువైపు చుట్టుకొన్నదో చెప్పే 'డెక్స్‌ట్రల్' అనే శాస్త్రపదానికి 'దక్షిణావర్తం' సరైన తెలుగేనా అన్నది ప్రశ్న. నిఘంటువు తెరిస్తే సరైనదే. 'దక్షిణ' అంటే కుడి (తూర్పు ముఖంగా నిలబడినవారికి కుడిచేతి వైపుది కనుకనే అది దిక్కు పేరు కూడా అయింది), 'ఆవర్తం' అంటే సుడి. శంఖాన్ని చేతిలోకి తీసుకొన్నప్పుడే చిక్కు మొదలవుతుంది.

పూజకు వాడే మామూలు శంఖాన్ని తీసుకొని, చుట్లన్నీ కలిసి మొనదేలిన కొస, అంటే ఊదడానికి వీలుగా కోసే కొస, పైకి ఉండేటట్లు, నోరు, అంటే గుల్ల తెరుచుకొని ఉండే భాగం, మన వైపు తిరిగి ఉండేటట్లు పట్టుకొంటే, ఆ నోరు కుడిపక్కన కనిపిస్తుంది. జంతుశాస్త్రంలో చూసే పద్ధతి ఇదే కాబట్టి ఆ లెక్కలో అది డెక్స్‌ట్రల్. మన సంప్రదాయంలో మాత్రం దాన్ని తలకిందులు చేసి, మొన కిందికి, నీరు జారే సన్నని కొస పైకి వచ్చేటట్లు పట్టి చూస్తారు. అప్పుడు అదే నోరు ఎడమకు వస్తుంది, అదే శంఖం వామావర్తం, అంటే ఎడమ సుడిది, అవుతుంది. ఎంతో అరుదుగా దొరికే, లక్ష్మీప్రదమని పేరుపొందిన దక్షిణావర్త శంఖం శాస్త్రం దృష్టిలో 'సినిస్ట్రల్', అంటే ఎడమ చుట్టుది. (అమెరికా తీరాల్లో సహజంగానే ఎడమకు చుట్టుకొనే వేరే జాతి గుల్లలను ఆ పేరుతో అంటగట్టే వ్యాపారమూ ఉంది.)

డిగ్రీ జంతుశాస్త్రంలో 'మాతృ ప్రభావం' పాఠానికి లిమ్నియా నత్తే ఉదాహరణ: దాని కర్పరం ఎటు తిరగాలన్నది సొంత జన్యువులు కాక తల్లి జన్యువులు నిర్ణయిస్తాయి. అక్కడ డెక్స్‌ట్రల్‌ను దక్షిణావర్తమని రాస్తే, ఇంట్లో శంఖం ఎరిగిన విద్యార్థికి అర్థం సరిగ్గా తిరగబడుతుంది.

దానికి బదులు 'సవ్యావర్తం' అందామన్నా ఇబ్బందే. గడియారం ముల్లు తిరిగే దిశను నేడు సవ్యదిశ అంటున్నాం గానీ, సంస్కృతంలో 'సవ్య' ప్రధానంగా ఎడమ; ఎడమచేత్తోనూ బాణం వేయగలవాడు కనుకనే అర్జునుడు సవ్యసాచి.

నా మటుకు 'కుడివాటం', 'ఎడమవాటం' నయమనిపిస్తుంది. 'ఎడమచేతి వాటం' అందరి నోటా ఉన్న మాట, పైగా వాటికి పాత శంఖాల బరువు లేదు. అయితే ఏ పదం స్థిరపడినా, మొన పైకి, నోరు మన వైపు పట్టి చూడాలన్న షరతు నిర్వచనంలోనే ఉండాలి.