కమోడోర్ 64 తెర మసక: కామా ఏదో, చుక్క ఏదో తెలియడం లేదు

నీలితెర:
అందరికీ నమస్కారం. మా మామయ్య వాడిన కమోడోర్ 64 (1980ల నాటి ఇంటి కంప్యూటర్) నా దగ్గరికి వచ్చింది. ఆయన సొంతంగా రాసుకున్న బేసిక్ ప్రోగ్రాములు క్యాసెట్ నిండా ఉన్నాయి. వాటిలో ఒకటి లోడ్ అయింది. టేపు ఇంకెన్నిసార్లు ఆడుతుందోనని టెన్షన్‌గా ఉంది. అందుకే లిస్ట్ కొట్టి, తెర మీద చూస్తూ లాప్‌టాప్‌లోని ఎమ్యులేటర్‌లోకి (కమోడోర్‌లా నడిచే ప్రోగ్రాము) టైప్ చేసుకుంటున్నాను.

కానీ తెర సరిగ్గా కనబడితే కదా! మొదట యాంటెనా వైరుతో కలిపాను, తడి కాగితం మీద సిరా పాకినట్టు వచ్చింది. తర్వాత కాంపోజిట్ కేబుల్ (బొమ్మంతా ఒకే వైరులో వెళ్లేది) వేశాను, కొంత నయం. అయినా ఎం అక్షరం మధ్యలో పూడుకుపోయి ముద్దలా ఉంది. డేటా లైన్లలో (కామాలతో విడదీసిన అంకెలుండే వరుసలు) కామాకీ చుక్కకీ తేడానే లేదు. ఎక్కించింది నడిపితే 'అవుట్ ఆఫ్ డేటా' అని ఆగిపోతోంది. మెషీన్ పాల్ (ఒక రకం టీవీ సిగ్నల్) మోడల్, టీవీ ఫ్లాట్ ప్యానెల్. లోపం మెషీన్‌దా, కేబుల్‌దా, టీవీదా? ఎక్కడి నుంచి చూసుకుంటూ రావాలి?

పాతబోర్డు:
బొమ్మ సంగతి తర్వాత. పవర్ సప్లై దానితో వచ్చిన పాతదేనా? అయితే దయచేసి ఇక దానితో ఆన్ చేయకండి. లోపలి రెగ్యులేటర్ పాడైతే 5 వోల్టుల లైన్ పైకి ఎగబాకి ర్యామ్ చిప్పుల్ని కాల్చేస్తుంది. నా బోర్డు ఒకటి అలాగే పోయింది. ఈరోజు మీటర్‌లో 5 చూపించినా రేపటికి భరోసా లేదు, కొత్తది తీసుకోండి.

ఇక మసక గురించి. పోక్ 53280,0 కొట్టండి, ఆ తర్వాత పోక్ 53281,0. కంట్రోల్ పట్టుకుని 2 నొక్కి, మళ్లీ లిస్ట్ చేయండి. ప్రోగ్రాముకేమీ కాదు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వస్తాయి. వాటిలో రంగే లేదు కాబట్టి, అంచుల్లో రంగుల చారలు కనిపిస్తే టీవీ అక్షరాల గీతల్ని రంగు అనుకుంటోందన్నమాట. పాల్‌లో రంగు సిగ్నల్ 4.43 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. కమోడోర్‌లో ఒక పిక్సెల్ వెలిగి పక్కది ఆరితే వచ్చేది దాదాపు 3.94. రెండూ ఒకే వైరులో, అంత దగ్గరగా వస్తే టీవీ విడదీయలేదు, రంగుతో పాటు సన్న గీతల్నీ కోసేస్తుంది. చారలేవీ లేకుండా మసకగా, నీడలా ఉంటే కేబుల్ మీదో మాడ్యులేటర్ (బొమ్మను యాంటెనా సిగ్నల్‌గా మార్చే భాగం) మీదో అనుమానపడాలి.

చారలు వస్తే మందు ఎస్-వీడియో, అంటే వెలుగునీ రంగునీ వేర్వేరు వైర్లలో పంపడం. వెనక గుండ్రటి సాకెట్‌లో రంధ్రాలు లెక్కపెట్టండి. 8 ఉంటే 1వ పిన్ లూమా (వెలుగు), 2 గ్రౌండ్, 6 క్రోమా (రంగు). 5 మాత్రమే ఉంటే క్రోమా బయటికి రాదు, బోర్డు మీద పని తప్పదు.

మూడోగీత:
పాతబోర్డు గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. పాల్ కమోడోర్ ప్రతిసారీ 312 గీతల్ని అవే చోట్ల గీస్తుంది. చాలా ఫ్లాట్ టీవీలు దాన్ని ఇంటర్‌లేస్ (ఒకసారి బేసి గీతలు, ఒకసారి సరి గీతలు పంపే పద్ధతి) అనుకుని పై గీతనీ కింది గీతనీ కలిపేస్తాయి. ఒక్క గీత ఎత్తున్నవి అక్కడే కరిగిపోతాయి. ముందు షార్ప్‌నెస్, నాయిస్ రిడక్షన్ తగ్గించి చూడండి. ట్యూబ్ టీవీ దొరికితే మరీ మంచిది. ఎస్-వీడియో కేబుల్ కట్టుకుంటే క్రోమా వైరులో 330 ఓమ్‌ల రెసిస్టర్ వేయడం మరచిపోకండి. కమోడోర్ క్రోమా మోతాదు ఎస్-వీడియోకి ఎక్కువ.

నీలితెర:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండి. కొత్త సప్లై వచ్చేదాకా మెషీన్ ముట్టుకోలేదు. వచ్చాక టేపు రెండోసారి కూడా లోడ్ అయింది, అప్పుడు గానీ ఊపిరి పీల్చుకోలేదు.

తెల్ల అక్షరాలు పెట్టగానే ఎం కాళ్ల మధ్య ఆకుపచ్చ, గులాబీ చారలు కనిపించాయి. రంధ్రాలు 8 ఉన్నాయి. రెసిస్టర్ వేసి కేబుల్ కట్టాను, ఎస్-వీడియో ఉన్న ట్యూబ్ టీవీ అన్నయ్య దగ్గర నుంచి తెచ్చాను. ఎం కాళ్లు విడివిడిగా కనిపిస్తున్నాయి!

భూతద్దం పెట్టి చూశాను. చుక్క అంటే నాలుగు పిక్సెళ్ల చదరం. కామా కూడా అదే చదరం, కాకపోతే కింద ఎడమవైపుకి రెండు పిక్సెళ్ల తోక, అదీ ఒక్క గీత ఎత్తే. మూడోగీత గారు చెప్పినట్టు ఫ్లాట్ టీవీ మింగేసింది ఆ తోకనే. నేను 14.7 అని కొట్టింది నిజానికి 14,7. రెండు అంకెలు ఒకటైపోతే డేటా ఎక్కడ సరిపోతుంది? అలాంటివి మూడు దొరికాయి. దిద్ది నడిపితే చుక్కలు ఒక్కొక్కటే పడుతూ వచ్చి పడవ బొమ్మ అయింది. తెరచాప మీద మామయ్య పేరులోని మొదటి అక్షరం ఉంది.

క్యాసెట్ రెండో వైపు ఉన్నది లోడ్ ఎర్రర్ ఇస్తోంది. దాని గురించి విడిగా అడుగుతాను.