9,000 రూపాయల్లో కుటుంబానికి ఒక పెద్ద టెంటు మేలా, రెండు చిన్నవి మేలా?

వైట్‌ఫీల్డ్ నాన్న:

అందరికీ నమస్కారం. మేము బెంగళూరులో ఉంటున్నాము. నేను, నా భార్య, తొమ్మిదేళ్ల అమ్మాయి, ఐదేళ్ల అబ్బాయి, మొత్తం నలుగురం. సంక్రాంతి సెలవుల్లో గండికోటలో ఒక రాత్రి, ఆ తరువాత వీలు చూసుకుని సక్లేశపురలో మిత్రుల కాఫీ తోటలో రెండు రాత్రులు టెంటులో గడపాలని నిశ్చయించుకున్నాము. కారులోనే వెళ్తాము కనుక బరువు గురించి బెంగ లేదు, ఖర్చు మాత్రం 9,000 రూపాయలు దాటకూడదు. నేను వాకబు చేసినంతలో ఈ సొమ్ముకు ఆరుగురు పడుకోవచ్చని రాసి ఉన్న పెద్ద టెంటు ఒకటి వస్తుంది, కాదంటే ఇద్దరేసి పట్టే చిన్న టెంట్లు రెండు వస్తాయి. అందరం ఒక్క కప్పు కింద ఉండాలి కనుక పెద్దదే కావాలని నా భార్య అంటున్నది. రెండు ఉంటే ఒకటి చిరిగినా, తడిసినా రెండవది మిగులుతుందని నా వాదన. వారం రోజులుగా భోజనాల దగ్గర ఇదే పంచాయితీ నడుస్తున్నది కాబట్టి, పిల్లలను వెంటబెట్టుకుని నిజంగా వెళ్లి పడుకున్నవారు తీర్పు చెప్పాలని కోరుతున్నాను.

పెన్నా ఒడ్డు:

మాది జమ్మలమడుగు, ఉద్యోగరీత్యా బెంగళూరులో ఉంటున్నాను. ఇక్కడి నుంచి సుమారు 280 కిలోమీటర్ల దూరంలో ఉన్న గండికోటకు ఏడాదిలో రెండు మూడు సార్లయినా స్నేహితులను తీసుకుని వెళ్తాను. నా ఓటు మీకే. పెన్నా నది ఎర్రమల కొండలను కోసుకుంటూ పోయిన ఆ లోయ దగ్గర నేల అంటే మట్టి కాదు, చాలా చోట్ల ఎర్రటి బండ. టెంటుతో పాటు ఇచ్చే సన్నని మేకులు అక్కడ రెండు అంగుళాలు దిగడమే గగనం, సుత్తితో కొడితే వంగిపోతాయి. మేకు దిగని చోట ఎత్తయిన టెంటు నిలబెట్టడమంటే గాలిపటం ఎగరవేయడమే. గాలి వేగం రెట్టింపయితే గుడ్డ మీద పడే ఒత్తిడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. ఆపైన ఆరడుగుల ఎత్తున్న టెంటు ఆ గాలికి చూపించే వైశాల్యం నాలుగడుగుల దానికన్నా చాలా ఎక్కువ. చిన్న టెంటును నాలుగు మూలల్లో నాలుగు రాళ్లకు కట్టి నిశ్చింతగా పడుకోవచ్చు. పైగా బండ మీద పెద్ద టెంటుకు సరిపోయేంత చదునైన జాగా వెదుక్కోవాలి, చిన్నవాటికి ఆ బాధ లేదు. ఒక్క మాట, పిల్లలు ఉన్నారు కనుక టెంటు చిన్నదయినా పెద్దదయినా లోయ అంచుకు దూరంగా వేయండి. ఫోటో బాగా వస్తుందని అంచున వేసేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

హెబ్బాళ అమ్మ:

పెన్నా ఒడ్డు గారు స్నేహితులతో వెళ్తారు, నేను పిల్లలతో వెళ్తాను. తేడా అంతా అక్కడే ఉన్నది. రెండు చిన్న టెంట్లు అంటే తల్లి దగ్గర ఒకరు, తండ్రి దగ్గర ఒకరు పడుకోవాలి. అర్ధరాత్రి ఐదేళ్ల పిల్లవాడు నిద్రలేచి అమ్మ కావాలని ఏడిస్తే, ఎవరో ఒకరు జిప్పు తీసి, చీకట్లో చెప్పులు వెదుక్కుని, పక్క టెంటు జిప్పు తీసి లోపలికి చేరాలి. ఈలోగా నలుగురూ లేచి కూర్చుంటారు, రెండు తలుపుల గుండా దోమలు కూడా వచ్చి చేరతాయి. మూడేళ్ల క్రితం మేము సరిగ్గా ఈ లెక్కతోనే రెండు చిన్నవి కొన్నాము. మొదటి రాత్రే నలుగురం ఒకే దానిలో సర్దుకుని పడుకున్నాము, రెండవది సామాను గది అయింది. కనుక మీ ఆవిడ చెప్పినదే సబబు. ఆరుగురికి అని రాసి ఉన్నదానిని చూసి మరీ పెద్దదని భయపడకండి. తయారీదారులు మనిషికి ఇంచుమించు 60 సెంటీమీటర్ల వెడల్పు లెక్క వేస్తారు, అంటే రెండడుగులు. ఆ కొలతన నలుగురి టెంటులో నలుగురు పడుకుంటే పక్కకు తిరగాలన్నా అందరూ కలిసి తిరగాలి. ఆరుగురి టెంటు నలుగురున్న కుటుంబానికి సరిపోతుంది, అంతే.

అద్దె ఇల్లే మేలు:

గండికోటలో స్థానికులే టెంటు వేసి, పరుపు పరిచి అద్దెకిస్తారు. ఏడాదిలో మూడు రాత్రుల కోసం 9,000 పోసి, మిగతా 362 రాత్రులు దానిని అటక మీద పడుకోబెట్టడం ఏ లెక్కన లాభమో ఎవరయినా వివరించగలరా?

వైట్‌ఫీల్డ్ నాన్న:

అద్దె సంగతి ఆలోచించకపోలేదండి. సక్లేశపుర తోటలో ఆ సౌకర్యం లేదు, పైగా ఇంకొకరు వాడిన దుప్పట్లలో పిల్లలను పడుకోబెట్టడం మాకు ఇష్టం లేదు. దయచేసి కొనడం అనే నిర్ణయం అయిపోయిందనే అనుకుని సలహా ఇవ్వండి.

పీణ్య కుట్టుమిషన్:

నేను రెయిన్‌కోట్లు, వాన కవర్లు కుట్టే చిన్న యూనిట్ నడుపుతున్నాను కనుక నా దృష్టి గుడ్డ మీదకే పోతుంది. మీ ఇద్దరి వాదనలూ విన్నాక నాకు తోచినది ఏమిటంటే, సంఖ్య కన్నా ముందు గజాల లెక్క చూడాలి. నాలుగు గజాల గుడ్డ ఇచ్చే ధరకే ఎవరయినా ఏడు గజాలు ఇస్తున్నారంటే ఆ కోత ఎక్కడో పడి ఉంటుంది. చౌక పెద్ద టెంట్లలో అది మూడు చోట్ల పడుతుంది. మొదటిది పై గుడ్డ. మంచి టెంటుకు లోపల గాలి ఆడే గుడ్డ, దాని మీద జానెడు ఎడంతో నేల దాకా దిగే వాన గుడ్డ, ఇలా రెండు పొరలు ఉంటాయి. చౌక దానికి పై గుడ్డ టోపీలాగా నెత్తి మీద మాత్రమే ఉంటుంది, ఏటవాలు జల్లు కొడితే పక్క గోడలు తడుస్తాయి. రెండవది కుట్టు. సూది దిగిన ప్రతి చోటా ఒక రంధ్రం పడుతుంది, గుడ్డ ఎంత గొప్పదయినా ఆ రంధ్రాల గుండా నీరు దిగుతుంది. కనుక లోపలి వైపు కుట్టు వెంబడి సన్నని పారదర్శకమైన టేపు అతికించి ఉన్నదో లేదో తిరగేసి చూడండి. మూడవది అడుగు గుడ్డ. దానిని వేలితో నలిపి చూస్తే పై గుడ్డ కన్నా మందంగా తగలాలి.

అట్ట మీది అంకెల గురించి కూడా చెబుతాను, ఎందుకంటే మోసపోయేది అక్కడే. 190టి అని పెద్ద అక్షరాలతో రాస్తారు. అది చదరపు అంగుళంలో ఉన్న దారాల లెక్క, వాన ఆపడంతో దానికి నేరుగా సంబంధం లేదు. 210డి వంటివి దారం మందాన్ని చెబుతాయి, 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో అదే ఆ అంకె. మీరు వెదకవలసినది మిల్లీమీటర్లలో ఉండే అంకె. గుడ్డ మీద నీటి స్తంభం నిలబెట్టి, ఎంత ఎత్తు దగ్గర చుక్కలు అవతలికి దిగుతాయో చూసి దానిని వేస్తారు. పైకప్పుకు 1,500 మిల్లీమీటర్లు ఉంటే మామూలు వానకు చాలు, 2,000 ఉంటే మరీ మంచిది. అడుగుకు అంతకన్నా ఎక్కువ ఉండాలి, ఎందుకంటే తడి నేల మీద మనం మోకాలు ఆనించినప్పుడు పడే ఒత్తిడి వాన చినుకు ఒత్తిడి కన్నా చాలా ఎక్కువ. ఈ అంకె ఎక్కడా రాయని టెంటును, ఎన్ని రంగుల్లో ఉన్నా, పక్కన పెట్టేయండి.

ఇక నా సలహా మీ రెండు పక్షాలకూ నచ్చకపోవచ్చు. పై లక్షణాలన్నీ ఉన్న నలుగురి టెంటు ఒకటి కొనండి. ఈ తరహా టెంట్లలో చాలా వాటికి అడుగు వెడల్పు 240 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. పెద్దవారికి 70 చొప్పున, పిల్లలకు 50 చొప్పున వేసుకుంటే లెక్క సరిగ్గా సరిపోతుంది. మిగిలిన డబ్బుతో ఒక బరకం కొనండి, మా గోదావరి వైపు వడ్ల కుప్పల మీద కప్పేది. టెంటు ముందు దానిని తాళ్లతో కడితే చెప్పులకు, సంచులకు, కబుర్లకు వసారా అవుతుంది.

హెబ్బాళ అమ్మ:

మీ లెక్కలో 50 సెంటీమీటర్లు ఇచ్చిన పిల్ల రెండేళ్లలో పదకొండేళ్లది అవుతుందండి. అయినా గుడ్డ విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. మా పెద్ద టెంటు పైకప్పు టోపీ రకమే. సక్లేశపురలో తెల్లవారేసరికి గోడలన్నీ తడిగా ఉంటే నేను కారిందనే అనుకున్నాను, కానీ ఆ రాత్రి వాన చుక్క పడలేదు.

పీణ్య కుట్టుమిషన్:

అది వాన కాదండి, మీ ఊపిరే. నలుగురు రాత్రంతా వదిలిన ఆవిరి చల్లని గుడ్డకు తగిలి నీరవుతుంది. కాఫీ తోటలో చలి, గాలిలో చెమ్మ రెండూ ఉంటాయి కనుక మరీ ఎక్కువగా కనిపిస్తుంది. చలి వేస్తున్నదని గాలి రంధ్రాలను మూసేస్తే తడి పెరుగుతుంది తప్ప తగ్గదు. రెండు పొరల టెంటులో ఆ నీరు పై గుడ్డకు పట్టి కిందికి జారిపోతుంది, మీ మీద పడదు. అదే కారణంగా తిరిగి రాగానే ఆరబెట్టకుండా మడిచి అటక మీద పెట్టకండి. లోపలి వైపు పూసిన పాలీయురెథేన్ పూత చెమ్మకు, వేడికి క్రమంగా జిగురుగా మారి, వాసన కొట్టి, పొరలుగా ఊడిపోతుంది. ఆ స్థితికి వచ్చిన టెంట్లు బాగుచేయమని నా దగ్గరకు వస్తుంటాయి, చేయగలిగినది ఏమీ ఉండదు.

పెన్నా ఒడ్డు:

నలుగురి టెంటుకు నా అభ్యంతరం లేదు, ఎత్తు అటూ ఇటుగా నాలుగున్నర అడుగులు దాటకపోతే చాలు. కానీ కడ్డీల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఈ ధరలో వచ్చేవి దాదాపు అన్నీ ఫైబర్‌గ్లాస్ కడ్డీలే. అవి అల్యూమినియం లాగా వంగి ఆగవు, నిలువునా చీలి పేలికలవుతాయి, ఆ పేలికలు చేతిలో గుచ్చుకుంటే సూదుల్లాగా ఉంటాయి. ఆన్‌లైన్‌లో కొన్న ఒక టెంటు కడ్డీ నాకు రెండవ సారికే చీలింది, అమ్మినవారు విడి కడ్డీ ఇవ్వము, కావాలంటే కొత్త టెంటు కొనుక్కోండి అన్నారు. కాబట్టి కడ్డీలు విడిగా దొరికే దుకాణంలోనే కొనండి. విసిరితే తెరుచుకునే రకం జోలికి మాత్రం పోవద్దు. వేయడానికి రెండు క్షణాలు, మడవడానికి రెండు కాపురాల మధ్య తగాదా. దానిలో కడ్డీ విరిగితే మార్చడం మామూలు టెంటులో మార్చినంత సులభం కాదు. మేకుల బదులు ఖాళీ బియ్యం సంచులు నాలుగు తీసుకెళ్లి అక్కడి రాళ్లే నింపి మూలలకు కట్టండి.

వైట్‌ఫీల్డ్ నాన్న:

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించాలి. దుకాణంలో నిలబెట్టి ఉంచిన టెంటులో నలుగురం చెప్పులు విప్పి పడుకుని చూశాము, చూసేవారికి వినోదం కలిగించి ఉంటాము. పై గుడ్డ నేల దాకా దిగే, 2,000 మిల్లీమీటర్ల నలుగురి టెంటు తీసుకున్నాము. బరకం, అదనపు తాళ్లు, ఒక విడి కడ్డీ కలిపి మొత్తం 8,700 అయింది. మా ఆవిడ కోరిన ఒక్క కప్పు దక్కింది, నిలబడే ఎత్తు మాత్రం దక్కలేదు. బట్టలు కూర్చుని మార్చుకోవాలన్నది ఇప్పటికీ ఆమె అభియోగమే.

నిన్న అపార్ట్‌మెంట్ మేడ మీద నిలబెట్టి, పిల్లలను లోపల కూర్చోబెట్టి, మగ్గులతో పది నిమిషాలు నీళ్లు పోశాను. తలుపు దగ్గర ఎడమ మూల కుట్టులో టేపు లేచి ఉన్నది, అక్కడ నుంచి చుక్కలు పడుతున్నాయని అబ్బాయి లోపలి నుంచి అరిచి చెప్పాడు. పీణ్య కుట్టుమిషన్ గారూ, దానిని నేనే అతికించవచ్చా, దుకాణానికి తీసుకెళ్లి మార్చుకోవాలా?

పీణ్య కుట్టుమిషన్:

కొన్న బిల్లు ఉన్నప్పుడు జిగురు ముట్టుకోకండి, రేపే తీసుకెళ్లి మార్చుకోండి. మీరు అతికించిన తరువాత వారు తీసుకోరు. కొత్తది వచ్చాక మళ్లీ అదే మూల దగ్గర నీళ్లు పోయండి.