సోలార్ మీద పీహెచ్‌డీ: ఒక్క డిపార్ట్‌మెంట్‌లో చేయాలా, నాలుగు డిపార్ట్‌మెంట్లు కలిపి చేయాలా?

అనంతపురం_పవర్:
అందరికీ నమస్తే. ఎంటెక్ పవర్ సిస్టమ్స్ అయిపోయింది, పీహెచ్‌డీకి అప్లై చేద్దామని చూస్తున్నా. మన సీమకి సోలార్, విండ్ వచ్చినాక గ్రిడ్‌లో ఏం మారింది, ఊర్లలో ఏం మారింది, రెండూ కలిపి చేయాలని నా ఆశ. ఎన్‌పీ కుంటలో ఎన్టీపీసీ 250 మెగావాట్లు 2016లోనే మొదలైంది, కర్నూలు వైపు గని-శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు 2017కి పూర్తయింది, అంటే చదవడానికి ఇన్నేళ్ళ అనుభవం మన ఇంటి ముందరే ఉంది కదా. ఒక సార్‌ని కలిస్తే ‘భూములు, నీళ్ళు మనకెందుకబ్బా, ఇన్వర్టర్ కంట్రోల్ మీద చెయ్, తొందరగా బయటపడతావ్’ అన్నాడు. ఎకనామిక్స్ మేడమ్ ఒకామె కలిపి చేస్తేనే అర్థం ఉంటుందంటోంది. మీరేమంటారు? మొహమాటం లేకుండా చెప్పండి.

తాడిపత్రి_ఈఈఈ:
తమ్ముడూ మీ సార్ మాటే వినుకో. ఎనర్జీ ట్రాన్సిషన్ (బొగ్గు నుంచి సోలార్, విండ్‌కి మారడం) అని పెద్ద పేరు పెట్టి నాలుగు సబ్జెక్టుల్లో నాలుగు ముక్కలు రాసిన థీసిస్‌లు చానా చూసినా, ఒక్కదాంట్లో కూడా లోతు లేదు. అసలు కష్టం యాడుందో చెప్తా విను. థర్మల్ యూనిట్‌లో తిరిగే రోటర్ బరువుకి ఇనర్షియా ఉంటాది, ఎక్కడన్నా పెద్ద లైన్ ట్రిప్ అయితే ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ నుంచి దబాల్న పడిపోకుండా కాసేపు ఆపేది అదే. ప్యానెల్ డీసీ కరెంటుని ఏసీగా మార్చే సోలార్ ఇన్వర్టర్‌లో తిరిగేది ఏమీ లేదు. రేప్పొద్దున థర్మల్ యూనిట్లు ఒక్కొక్కటే ఆపుకుంటూ పోతే ఆ పని ఎవరు చేయాలి? గ్రిడ్ ఫార్మింగ్ ఇన్వర్టర్లు, అంటే ఫ్రీక్వెన్సీని తామే నిలబెట్టే ఇన్వర్టర్లు అంటున్నారు, వాటి కంట్రోల్, ప్రొటెక్షన్ సెట్టింగులు ఇంకా తేలని లెక్కలే. 2012 జులైలో ఉత్తరాదిలో గ్రిడ్ కూలిపోతే కోట్ల మంది చీకట్లో ఉన్నారు, అట్లాంటిది ఇక్కడ జరగకుండా చూసేది రిలే (తేడా వస్తే లైన్ ఆపించే పరికరం) సెట్టింగే గానీ సర్వే ఫారం కాదు. ఇంకోటి, రేపు అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూకి పోతే నీ సబ్జెక్ట్ ఏది అని ఫస్ట్ అదే అడుగుతారు. అప్పుడేం చెప్తావ్?

కడప_ఎకనామిక్స్:
అన్నా ఇనర్షియా సంగతి మీరు చెప్పింది ఒప్పుకుంటా, అది మాకు చేతనయ్యే పని కాదు. కానీ ఒక్కటి అడుగుతా. రైతులకి పగటిపూట 9 గంటల ఉచిత కరెంటు ఇస్తున్నారు, మీ లెక్కలో అది మంచిదే, మధ్యాహ్నం సోలార్ పొంగి పొర్లేటప్పుడు మోటార్లు దాన్ని తాగేస్తాయి, లోడ్ షిఫ్ట్ అయిపోయింది, పేపర్ వచ్చేసింది. అదే అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటు వాన 550 మిల్లీమీటర్ల దరిదాపు, మోటారు ఎన్ని గంటలు తిరిగితే బోరు అంత కిందికి పోతుంది, రెండేళ్ళకి ఇంకో బోరు, దానికి అప్పు. మీ మోడల్‌లో మోటారు ఒక లోడ్ మాత్రమే, ఆ రైతుకి అదే అప్పు, అదే వేరుశనగ పంట. మీరు గ్రిడ్‌కి పరిష్కారం అనుకున్నదే భూగర్భజలాలకి సమస్య అవుతుంటే ఆ రెండూ ఒకే టేబుల్ మీద పెట్టి చూసేవాళ్ళు ఎవరన్నా ఉండాలా వద్దా? జియాలజీ వాళ్ళు నీటిమట్టం కొలుస్తారు, మేము అప్పు లెక్క రాస్తాం, మీరు ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి ఊర్లకి పోయే లైన్) లోడ్ చూస్తారు, ముగ్గురి డేటాలో ఊరి పేరు ఒకటే, అయినా ముగ్గురం ఒకరి పేపర్ ఒకరం చదవం. దీనికి లోతు లేదంటే నేను ఒప్పుకోను.

గని_రైతుబిడ్డ:
మాది పార్కు పక్కనే. సదువుకున్నోల్లు మాట్లాడుకుంటాండారు, మధ్యలో నాది ఒక మాట. ప్యానెల్ మీద దుమ్ము పడితే కరెంటు తగ్గుతాది, మే నెలలో అయితే ఎర్రదుమ్ము పొరలాగా పట్టేస్తాది. కడగాలంటే ఎండెక్కక ముందే కడగాల, కాలిన అద్దం మీద సల్లనీల్లు పడితే పగుల్తాదని సూపర్‌వైజర్ ఒప్పుకోడు. అందుకే తెల్లారుజామున టార్చిలైటు ఎలుగులో పైపు పట్టుకోని ఒకరు నీల్లు కొడతాంటే ఎనకాల ఇంకొకరు పొడుగు కట్టెకున్న వైపర్‌తో గీక్కుంటా పోతారు, ఒక వరుస అయినాక ఇంకో వరుస. బోరునీల్లతో కడిగితే ఉప్పు తెల్లగా మరక పడతాది, మల్లా అది పోవల్లంటే ఇంకో పని. చేసేది మా ఊరోల్లే, కాంట్రాక్టు కింద, రోజుకూలి. ఇప్పుడు చెప్పండి, ఇది ఏ డిపార్ట్‌మెంట్ కిందికి వస్తాది? నీల్లా, కూలీనా, కరెంటా?

తాడిపత్రి_ఈఈఈ:
బాగా చెప్పినావు తమ్ముడూ. నేను కాదనేది కూలీల గురించి రాయొద్దని కాదు. దుమ్ము వల్ల ఎంత శాతం పోతాది, నీళ్ళు లేకుండా తుడిచే రోబో పెడితే ఖర్చు ఎంత, వేడి వల్ల ఎంత పోతాది, ఇవన్నీ ఎలక్ట్రికల్ వాడు కొలవచ్చు. వేడి సంగతే తీసుకో, ప్యానెల్ రేటింగ్ 25 డిగ్రీల దగ్గర రాస్తారు, మన ఎండలకి ప్యానెల్ ఒంటి వేడి 65 దాటుతాది, సిలికాన్ ప్యానెల్‌కి డిగ్రీకి సుమారు 0.4 శాతం పోతాదనుకుంటే 16 శాతం దాకా గాలికి పోయినట్టే. దీనికి సోషియాలజీ ఎందుకు?

కడప_ఎకనామిక్స్:
రోబో పెడితే ఆ కూలి పోతుంది కదన్నా, అక్కడే మేము వస్తాం. రోబో వద్దనడం లేదు. భూమి ఇచ్చిన ఊరికి మిగిలిన పనే ప్యానెల్ కడగడం, గడ్డి కోయడం, సెక్యూరిటీ. అది కూడా తీసేస్తే బదులు ఏమిస్తాం అన్నది కూడా ఖర్చు లెక్కలోకి రావాలి. భూమి సంగతి ఇంకా పెద్దది. సీమలో ఇట్లాంటి ప్రాజెక్టుల కింద పోయేదాంట్లో చానా వరకు డీకేటీ భూములు (సర్కారు పేదలకి అసైన్ చేసినవి), కాగితం లేకుండా తరాలుగా దున్నుకునేవి, గొర్రెలు మేసేవి. అసైన్డ్ భూమి మీద 1977 చట్టం ఏమంటుందో తెలియకుండా ‘బీడు భూమి, 1 మెగావాట్‌కి 5 ఎకరాలు’ అని మోడల్‌లో రాసేస్తే గొర్రెలకాపరి బీడులో లేనట్టే లెక్క. రోళ్ళపాడు వైపు బట్టమేక పిట్ట తిరిగిన గడ్డి మైదానాలు కూడా రికార్డుల్లో బీడే.

ముద్దనూరు_పిల్లోడు:
అందరూ సోలార్ గురించే మాట్లాడుతున్నారు, ట్రాన్సిషన్ అంటే ఇంకోవైపు బొగ్గు కూడా కదా. మా ఊరి దగ్గర ఆర్టీపీపీ (రాయలసీమ థర్మల్ పవర్ ప్లాంట్) 1650 మెగావాట్లు. దాని మీద బతికేది ఎంప్లాయీస్ ఒక్కరే కాదు, కాంట్రాక్టు లేబరు, బూడిద లారీలు, ఆ బూడిద తీసుకునే ఎర్రగుంట్ల వైపు సిమెంట్ ఫ్యాక్టరీలు, బూడిద ఇటుకల బట్టీలు, హోటళ్ళు. పగలు సోలార్ ఎక్కువైనప్పుడు యూనిట్‌ని బ్యాక్‌డౌన్ చేస్తారు, అంటే ఉత్పత్తి తగ్గిస్తారు, సాయంత్రం మళ్ళీ ఎత్తుతారు, మిషన్ అట్లా ఎగుడుదిగుడుగా నడిస్తే బాయిలర్ ట్యూబులు దెబ్బతింటాయని మెకానికల్ వాళ్ళు అంటారు. అది ఇంజనీరింగ్ సమస్యే, కానీ ఒకరోజు మూసేస్తే ఈ లారీ డ్రైవర్లు ఏం చేయాలి అన్నది కూడా ఇప్పట్నుంచే ఎవరన్నా చదవాలి. మూసినాక కమిటీ వేస్తే ఏం లాభం. అన్నా, ఈ టాపిక్ మీరు తీసుకోకపోతే ఎవరికన్నా చెప్పండి, ఊర్లో మనుషుల్ని నేను కలిపిస్తా.

ఫిజిక్స్_రిటైర్డ్:
నాయనా, మీకు తెలిసి ఉండొచ్చు, అయినా చెప్తాను. బెంగుళూరు ఐఐఎస్సీలో అమూల్య రెడ్డి గారని ఎలక్ట్రోకెమిస్ట్రీ ప్రొఫెసర్, 1974లో పల్లెలకి పనికొచ్చే టెక్నాలజీ కోసం ఆస్ట్రా అని ఒక విభాగం పెట్టారు. తుమకూరు జిల్లాలో పుర అనే పల్లెలో ఊరందరికీ కలిపి గోబర్ గ్యాస్ ప్లాంటు కట్టారు, వంటకి గ్యాస్ ఇద్దామని. పేడ చాలలేదు, అది నడవలేదు. తర్వాత తెలిసిందేమంటే ఆ ఆడవాళ్ళకి కట్టెల కంటే ముందు కావలసింది మంచినీళ్ళు. 1987 నుంచి అదే గ్యాస్‌తో ఇంజను తిప్పి, కరెంటు తీసి, బోరు నుంచి నీళ్ళు కొళాయిలకి ఎక్కించారు, ఇళ్ళకి లైట్లు కూడా ఇచ్చారు. ప్లాంటు పాతదే, ప్రశ్న మారింది. ఆయన కెమిస్ట్రీలో చేయి తిరిగినవాడు కాబట్టే ఆ పని నిలబడింది, తాడిపత్రి నాయన ఇది గమనించాలి. ఊరివాళ్ళని అడగకపోతే ఆ కెమిస్ట్రీ అక్కడ దేనికీ వచ్చేది కాదు, అది కూడా గమనించాలి. నా మట్టుకు నేను కలిపి చేయమనే చెప్తాను.

అనంతపురం_పవర్:
సార్ ఇది నాకు తెలీదు, చాలా థాంక్స్. నాకు అనిపిస్తున్నది ఏందంటే, టాపిక్ చిన్నది తీసుకుని లోతుగా పోవాలి. ఒక్క సబ్‌స్టేషన్, దాని కింద నాలుగైదు వ్యవసాయ ఫీడర్లు. ఆ ఫీడర్ లోడ్ నేను చూస్తా, ఆ ఊర్ల బోర్ల నీటిమట్టం జియాలజీ వాళ్ళతో, అప్పుల సర్వే ఎకనామిక్స్ మేడమ్‌తో. యూజీసీ 2022 రూల్స్‌లో వేరే డిపార్ట్‌మెంట్ నుంచి కో-సూపర్‌వైజర్‌ని పెట్టుకోవచ్చని ఉంది కాబట్టి డిగ్రీ ఈఈఈలోనే ఉంటుంది. పిన్నాపురం పంప్డ్ స్టోరేజీ 1680 మెగావాట్లు, పగలు నీళ్ళు పైకి ఎక్కించి సాయంత్రం దింపుతారు, ఎక్కించి దింపేసరికి ఐదో వంతు అటూఇటుగా పోతుంది. పగలు మోటార్లకి ఇవ్వడం మేలా, ఆ కరెంటుతో నీళ్ళు ఎక్కించి దాచడం మేలా అన్నది నీటిమట్టం కూడా కలిపి లెక్కేస్తే జవాబు మారొచ్చు, అదే నా ప్రశ్న.

తాడిపత్రి_ఈఈఈ:
ఇది ప్రశ్నే, ఇందాకటిది ప్రశ్న కాదు. అయినా నా మాట మీదే ఉన్నా, మొదటి ఏడాది మొత్తం లోడ్ ఫ్లో, స్టెబిలిటీ లాంటి గ్రిడ్ లెక్కల మీద కూర్చో, ఊర్లకి తర్వాత పోవచ్చు.

కడప_ఎకనామిక్స్:
అక్కడే తేడా అన్నా. మొదటి ఏడాదే ఊర్లకి పోవాలి. మోడల్ కట్టేసినాక పోతే మోడల్‌కి సరిపోయే జవాబులే అడిగి వస్తాడు. తమ్ముడూ, వేరుశనగ విత్తనం వేసే టైంకి ముందే ఒకసారి పోయి బోర్లు లెక్కపెట్టుకో, సీజన్ తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలి. సర్వే ప్రశ్నలు నేను పంపిస్తా, ఫీడర్ పేర్లు నువ్వు పంపు.