కృష్ణపట్నం బొగ్గు యూనిట్లు ఎప్పుడు ఆపుతారో ఇప్పుడే చెప్పాలా, వద్దా?

నేలటూరు మెకానిక్

అందరూ కాస్త మనసు పెట్టి చదవండి. మా ముత్తుకూరు పక్క యాడ నిలబడి చూసినా పొగగొట్టాలే కనపడతాయి. దామోదరం సంజీవయ్య థర్మల్‌లో 800 మెగావాట్ల యూనిట్లు మూడు, ప్రైవేటు వాళ్ళవి 660వి నాలుగు. వీటిల్లో ఒక ప్లాంటులో నేను కాంట్రాక్టు మెకానిక్‌ని. ఏదని చెప్పను. బొగ్గు కన్వేయర్ సెక్షన్. రోలర్లు మార్చడం, బెల్టు తెగితే జాయింటు వేయడం నా పని.

సంజీవయ్య థర్మల్‌లో మొదటి రెండు యూనిట్లు 2015లో మొదలయినాయి. కరెంటు కొనుగోలు ఒప్పందాలు మామూలుగా 25 ఏళ్ళవి. ఆ లెక్కన 2040. మూడోది 2023లో వచ్చింది, దానికి 2048. మా సెక్షన్లో పాతికేళ్ళ పిల్లకాయలు ఉండారు. 2040కి వాళ్ళకి నలభై దగ్గరపడతాయి. బిడ్డల ఫీజులు, ఇంటి లోను అన్నీ ఆ వయసులోనే. ఆ రోజు గేటు దగ్గర నోటీసు అంటిస్తే యాడికి పోవాల?

2024 సెప్టెంబరు 30న బ్రిటన్‌లో ఒకే రోజు రెండు మూతపడ్డాయి. ఒకటి రాట్‌క్లిఫ్, ఆ దేశంలో చివరి బొగ్గు కరెంటు ప్లాంటు. బొగ్గు కరెంటు 2025 కల్లా ఆపేస్తామని వాళ్ళ సర్కారు 2015లోనే చెప్పింది. కాబట్టి అక్కడి మనుషులకి వేరే పని నేర్చుకోడానికి, వేరే చోటికి మారడానికి ఏళ్ళ టైము దొరికింది. రెండోది పోర్ట్ టాల్బట్‌లో టాటా స్టీల్ ఆఖరి బ్లాస్ట్ ఫర్నేసు. దాని మాట గట్టిగా బయటికొచ్చింది ఆ ఏడాది జనవరిలో. 2,800 దాకా ఉద్యోగాలు పోతాయన్నారు. కొత్త కరెంటు ఫర్నేసు రావడానికి ఆ రోజు నుంచి మూడు నాలుగేళ్ళు. ఆ మధ్య కాలంలో ఆ ఊరి పొయ్యి ఎట్ట వెలగాల?

నేను బొగ్గు ఉండాలని అడగట్లా. ఆ దుమ్ము పీల్చేది నేనే. ఆపే తేదీ ఇప్పుడే చెప్పండి అంటా ఉండా. మీరేమంటారు?

బాయిలర్ పెద్దాయన, నెల్లూరు

తమ్ముడూ, నీ బాధ న్యాయమైనదే. కానీ తేదీ చెప్పడం ఎవరి తరమూ కాదు. నేను రిటైరయ్యే దాకా థర్మల్ ఆపరేషన్లోనే ఉన్నాను, కాబట్టి ఈ మాట అంటున్నా.

పగలు సోలార్ కరెంటు గ్రిడ్ మీద పడగానే ఏ ప్లాంటు ఎంత కరెంటు ఇవ్వాలో చెప్పే లోడ్ డిస్పాచ్ సెంటర్ నుంచి తగ్గించమని మెసేజ్ వస్తుంది. 2023 నుంచి కేంద్రం రూలు ప్రకారం యూనిట్‌ని 55 శాతం దాకా దించగలగాలి. అంటే 800 మెగావాట్ల యూనిట్ 440 దగ్గర నడవాలి. బొగ్గు పొడిచేసే మిల్లులు ఒక్కొక్కటే ఆపుకుంటూ దిగాలి. మరీ కిందికి దిగితే మంట నిలబడదు, ఆయిల్ పోసి నిలబెట్టాలి. మళ్ళీ సాయంత్రం సూర్యుడు పోయే వేళకి గబగబా ఎక్కించాలి. రోజూ ఇదే తంతు. ఫుల్ లోడ్ మీద నిలకడగా నడవడానికి కట్టిన యంత్రాన్ని ఇలా దించి ఎక్కిస్తుంటే బాయిలర్‌లో ఆవిరి నడిచే హెడర్లు, ట్యూబులు వేడికీ చల్లదనానికీ అలసిపోతాయి. ట్యూబ్ లీకులు పెరుగుతాయి. కాగితం మీద 2040 ఉన్నా యంత్రం ముందే చేతులెత్తేయొచ్చు. లేదా డిమాండ్ పెరిగి, బాగుచేసి ఇంకో పదేళ్ళు లాగొచ్చు. 2030 దాకా ఏ బొగ్గు యూనిట్‌నీ మూయొద్దని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో సలహా ఇచ్చింది. ఏ మంత్రి అయినా ఇవాళ ఒక తేదీ చెబితే దాన్ని నమ్ముకుని నువ్వు మోసపోతావు.

ఇంకొకటి. రాట్‌క్లిఫ్‌లో చివరికి మిగిలింది రెండొందల లోపు మనుషులు. వాళ్ళకి యూనియన్ ఉంది, పింఛను ఉంది. మన దగ్గర కాంట్రాక్టు లేబరు సంగతి నీకు తెలియంది కాదు.

చీమకుర్తి గ్రానైట్

నాకు చిన్న కటింగ్, పాలిషింగ్ ఫ్యాక్టరీ ఉంది. బొగ్గా, సోలారా, గాలా అని మా రంపం అడగదు. కరెంటు ఆగకూడదు, అంతే. గెలాక్సీ రకం గ్రానైట్ బ్లాకు సగం కోతలో ఉండగా కరెంటు ట్రిప్ అయితే రాయి మీద గీత పడుతుంది. పాలిష్ పట్టినా పూర్తిగా పోదు. ఆ స్లాబు రెండో రకం కింద అమ్ముకోవాలి. సాయంత్రం వాడకం పెరిగే వేళకి ఎక్కువ రేటు, అదే పీక్ రేటు, ఎటూ ఉంది, దానిమీద సర్దుబాటు ఛార్జీలు. షెడ్డు మీద ప్యానెళ్ళు వేశాను, పగలు ఫర్వాలేదు. రాత్రి షిఫ్టు మాత్రం మీ కృష్ణపట్నం మీదే నడుస్తోంది. పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ (పగలు నీళ్ళు పైకి తోడి, రాత్రి కిందికి వదిలి కరెంటు తీసేది) లాంటివి ఇంకా నాలుగు లేచి నిలబడ్డాక థర్మల్ ఆపండి, నేను అడ్డు చెప్పను. అంతకు ముందు వద్దు.

ఉలవపాడు తోట

అన్నలూ, మీరంతా బొగ్గు ఎప్పుడు పోతుందని మాట్లాడుతున్నారు. దాని స్థానంలో వచ్చేది ఎవరి నేల మీద వస్తుందో కూడా మాట్లాడండి. సోలార్ ప్యానెళ్ళ ఫ్యాక్టరీకి మా కరేడు పక్క 8,000 ఎకరాలకు పైగా అడిగారు. 2025లో మా వాళ్ళు హైవే మీద కూర్చున్నారు. ఆ నేలలో ఏముందో వచ్చి చూడండి. మామిడి, సపోటా, వరి, వేరుశనగ. బోరు వేస్తే తక్కువ లోతులోనే తియ్యటి నీళ్ళు. మా అత్తగారు నాటిన సపోటా చెట్లు ఈ రోజుకీ ఏడాది పొడుగునా కాస్తున్నాయి. ఎకరానికి ఇంత అని రేటు కట్టేవాళ్ళు ఆ చెట్లని ఏ లెక్కలో వేస్తారు?

నేలటూరు అన్నా, మీ ఊళ్ళో థర్మల్‌కి భూములు తీసుకున్నప్పుడు కూడా ఇంటికో ఉద్యోగం అనే కదా చెప్పారు? ఇప్పుడు మాకూ అదే మాట చెబుతున్నారు. ఎంతమందికి పర్మినెంటు ఉద్యోగాలు వచ్చాయో నువ్వే రాయి.

నేలటూరు మెకానిక్

చెల్లెమ్మా, మా ఇంటికి రాలేదు. మా వీధిలో భూమి పోయిన వాళ్ళు ఎక్కువ మంది నా మాదిరి గేట్ పాస్ మీద లోపలికి పోయేవాళ్ళే. కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త పాసు, కొత్త పీఎఫ్ నంబరు, సర్వీసు మళ్ళీ మొదటికి. గ్రాట్యుటీకి ఐదేళ్ళ వరస సర్వీసు చూపించమంటారు. అదే కన్వేయర్ కింద, అదే స్పానరు పట్టుకోని పదేళ్ళు పనిచేసినోడికి కాగితం మీద రెండేళ్ళు కూడా ఉండదు. రేపు ప్లాంటు మూసేసి నష్టపరిహారం ఇస్తామన్నారే అనుకుందాం. లిస్టులో పేరు లేనోడికి ఏమిస్తారు? నా భయం అంతా అక్కడే ఉండాది.

ఒంగోలు లెక్చరర్

పరిశ్రమలన్నిటినీ ఒకే గాటన కట్టకండి. గ్రానైట్‌కి కావలసింది కరెంటు ఒక్కటే, అది ఎక్కడి నుంచి వచ్చినా సరిపోతుంది. ఉక్కు అలా కాదు. బ్లాస్ట్ ఫర్నేసులో బొగ్గు వేడి కోసమే కాదు, ఖనిజంలోంచి ఆక్సిజన్ లాగడానికి కూడా కావాలి. సిమెంటులో వచ్చే కార్బన్ డయాక్సైడ్‌లో సగానికి పైగా సున్నపురాయి విడిపోవడం వల్లే. బట్టీని సోలార్‌తో వేడిచేసినా అది ఆగదు. 2026 జనవరి 1 నుంచి యూరప్ ఉక్కు, సిమెంటు, అల్యూమినియం, ఎరువుల దిగుమతుల మీద కార్బన్ సుంకం అమల్లోకి తెచ్చింది. గ్రానైట్ ఆ జాబితాలో లేదు, కాబట్టి చీమకుర్తి వాళ్ళకి ఆ దెబ్బ నేరుగా తగలదు.

ఎవరూ ఎత్తని సంగతి బూడిద. మన బొగ్గులో మూడో వంతుకు పైగా బూడిదే మిగులుతుంది. సిమెంటులో 35 శాతం దాకా ఫ్లై యాష్ కలపొచ్చు. సున్నపురాయి కాల్చి చేసే క్లింకరు అంతమేరకు తగ్గుతుంది, కాలుష్యమూ తగ్గుతుంది. థర్మల్ ఆగితే ఆ బూడిద ఆగుతుంది. బూడిద ఇటుకలు చేసేవాళ్ళు, బూడిద మోసే బల్కరు లారీల డ్రైవర్లు, వీళ్ళెవరూ ప్లాంటు గేటు లోపలి మనుషులు కారు. ఏ ప్యాకేజీలోనైనా ముందు జారిపోయేది వాళ్ళే.

బాయిలర్ పెద్దాయన, నెల్లూరు

లెక్చరర్ గారు చెప్పింది నిజం. నేను ఇంకొంచెం విడదీస్తాను. హై ప్రెషర్ వెల్డర్‌కి బాయిలర్ సర్టిఫికెట్ ఉంటే దిగుల్లేదు, రామాయపట్నం దగ్గర రిఫైనరీ పని మొదలైతే పిలిచి తీసుకుంటారు. కన్వేయర్ మనిషికి పోర్టుంది, క్వారీలున్నాయి. చిక్కంతా బూడిద పైపులైన్లు, బూడిద చెరువు (యాష్ పాండ్) గట్లు చూసుకునే వాళ్ళకీ, హౌస్ కీపింగ్ ఆడవాళ్ళకీ. ఆ పని బయట ఎక్కడా లేదు. శిక్షణ అంటూ ఇస్తే మొదట వాళ్ళకే ఇవ్వాలి.

నేలటూరు మెకానిక్

పెద్దాయనా, మీరు తేదీ చెప్పలేరంటే, ఐదేళ్ళ ముందు నోటీసు లేకుండా ఏ యూనిటూ ఆపం అని రాసివ్వమనండి. కాంట్రాక్టరు ఎవరైనా, లోపల పనిచేసే ప్రతి మనిషి పేరు, చేరిన రోజు, పని కలెక్టరాఫీసులో ఒక రిజిస్టరులో ఉండాల. రేపు ఉలవపాడు చెల్లెమ్మ పక్క ఏ ఫ్యాక్టరీ వచ్చినా మొదటి రోజు నుంచే ఆ రిజిస్టరు తెరవాల.

డబ్బు లేదంటారేమో, లెక్క వేసినా. 800 మెగావాట్ల యూనిట్ 70 శాతం మీద నడిస్తే ఏటా 490 కోట్ల యూనిట్ల కరెంటు వస్తుంది. యూనిట్ కరెంటుకి ఒక్క పైసా పక్కన పెడితే ఏటా దాదాపు 5 కోట్లు. 2040 దాకా పోగేస్తే అదేం చిన్న మొత్తం కాదు.

చీమకుర్తి గ్రానైట్

నెలకి లక్ష యూనిట్లు వాడే ఫ్యాక్టరీకి పైసా అంటే వెయ్యి రూపాయలు. అంతవరకైతే నేను కడతాను. కానీ ఆ డబ్బు కరెంటు పంపిణీ చేసే డిస్కం ఖాతాలో కలిస్తే పాత బాకీల కింద పోతుంది. వేరే ఖాతా ఉండాలి, ఏటా లెక్క బయట పెట్టాలి. అలా రాసివ్వకపోతే ఒప్పుకోను.

ఉలవపాడు తోట

రిజిస్టరు మంచిదే, కాదనను. కానీ మా భూమి ఇచ్చేది లేదు అన్నది వేరే మాట. రిజిస్టరులో పేరు రాస్తాం, భూమి ఇవ్వండి అంటే మళ్ళీ హైవే మీదికే వస్తాం.

బాయిలర్ పెద్దాయన, నెల్లూరు

నువ్వు భూమి ఇవ్వాలని ఇక్కడ ఎవరూ అనలేదమ్మా. పోయిన భూముల కథ తెలిసే మాట్లాడుకుంటున్నాం.

నేలటూరు తమ్ముడూ, డిస్కంలు ఏటా ఆదాయ అవసరాల లెక్క వేసినప్పుడు కరెంటు రేట్లు తేల్చే రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి (ఏపీఈఆర్‌సీ) జనం దగ్గర అభ్యంతరాలు తీసుకుంటుంది. ఎవరైనా రాయొచ్చు, విచారణలో నిలబడి మాట్లాడొచ్చు, లాయరు అక్కర్లేదు. నీ పైసా లెక్క, ఐదేళ్ళ నోటీసు, వేరే ఖాతా, ఈ మూడూ ఒక పేజీలో పెట్టు. టెక్నికల్ భాగం నేను రాసిస్తా. సంతకాలు మాత్రం గేటు బయట షిఫ్టు మారే టైములో తీసుకో, లోపల వద్దు.