ఇంటర్వ్యూ జవాబులు బట్టీ పట్టాలా, వద్దా?

సీతమ్మధార_కుర్రాడు:
బ్యాంక్ పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) మెయిన్స్ పరీక్ష గట్టెక్కాను, ఇక ఇంటర్వ్యూయే మిగిలింది. మా విశాఖ ద్వారకానగర్ కోచింగ్‌లో ఒక బుక్‌లెట్ ఇచ్చి, అందులో జవాబులన్నీ పొల్లుపోకుండా అప్పజెప్పాలన్నారు. నాన్నదీ అదే మాట. నాకు మనసొప్పట్లేదు. మీరేమంటారు?

పాత_పీఓ:
తమ్ముడూ, ఆ బుక్‌లెట్ పక్కన పెట్టెయ్. ఈ పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ సంస్థ ఫైనల్ మెరిట్‌లో మెయిన్స్‌కి 80, ఇంటర్వ్యూకి 20 వెయిటేజీ. ఇంటర్వ్యూలో నూటికి 40 రాకపోతే (ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకు 35) మెయిన్స్‌లో ఎన్నొచ్చినా లాభం లేదు. "నా బలం హార్డ్ వర్క్, నా బలహీనత పర్ఫెక్షనిజం" అని మీ బ్యాచ్ అంతా చెప్తే, బోర్డువాళ్లు నిన్నెందుకు గుర్తుపెట్టుకుంటారు?

గాజువాక_అక్క:
చెప్పడం తేలికేనండీ. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్ల సంగతో? మా చెల్లి సబ్జెక్టులో దిట్ట. ఎదురుగా నలుగురు కూర్చుని ఇంగ్లీషులో "మీ గురించి చెప్పండి" అంటే చాలు, గొంతు తడారిపోతుంది. మొదటి నాలుగు వాక్యాలు నోటికొచ్చి ఉంటే టెన్షన్ సగం తగ్గుతుంది. బట్టీ అని తీసిపారేయకండి.

పాత_పీఓ:
ఆ నాలుగు వాక్యాల వరకూ ఒప్పుకుంటానమ్మా. కానీ తర్వాతి ప్రశ్న మన జవాబులోంచే పుడుతుంది. మాక్ (నమూనా) ఇంటర్వ్యూలో ఇక్కడి విశాఖ అబ్బాయినే "మీ జిల్లా ప్రత్యేకతలేంటి?" అని అడిగాను. అరకు కాఫీ, ఏటికొప్పాక బొమ్మలు అని గడగడా చెప్పేశాడు. "అరకు ఇప్పుడు మీ జిల్లాలోనే ఉందా?" అంటే నోట మాట లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టాక అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాకీ, ఏటికొప్పాక అనకాపల్లి జిల్లాకీ వెళ్లాయి. అతను చదివిన నోట్స్ అంతకుముందుది! రోజూ కళ్లముందుండే పోర్టు గురించి చెప్పినా ఎంత బాగుండేది.
ఇంకోటి. 1923లో పట్టాభి సీతారామయ్యగారు బందరులో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ఇంతవరకూ ఎవరైనా చెప్తారు. "దానివల్ల మామూలు ఖాతాదారుకి ఏం మారింది?" అంటే? ఇంట్లో పాత పాస్‌బుక్ ఉంటే తీసి చూడండి. ఐఎఫ్ఎస్‌సీ కోడ్ మారింది, చెక్‌బుక్ మారింది. అది మీ ఇంటి సంగతి కాబట్టి మరిచిపోరు.

గాజువాక_అక్క:
విషయం తెలియక కాదండీ, అదే ఇంగ్లీషులో చెప్పాలంటేనే తంటా. ఇంట్లో మాట్లాడేవాళ్లు లేరు.

పాత_పీఓ:
పాయింట్లు మాత్రం రాసుకోమనండి, వాక్యాలు వద్దు. ఒకే జవాబు మూడు రకాలుగా పైకి చెప్పి ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వినమనండి. చిన్న వాక్యాలు చాలు. తెలియనిది తెలియదని చెప్పడం కూడా ప్రాక్టీస్ చేయాలి.

గాజువాక_అక్క:
సరే, చేయిస్తాను. ఆ మొదటి నాలుగు వాక్యాలు మాత్రం బట్టీయే పట్టిస్తాను, అందులో మార్పు లేదు.

సీతమ్మధార_కుర్రాడు:
అక్కా, ఆదివారం సెంట్రల్ పార్కులో నేనూ మా ఫ్రెండూ మాక్ పెట్టుకుంటున్నాం. చెల్లిని కూడా పంపుతారా?