నాయనమ్మ 1952లో పార్లమెంటుకు రెండు ఓట్లు వేశానని చెప్పేది. నిజమేనా, దొంగ ఓటా?

నల్లగొండ మనవడు:

మా ఊరు నల్లగొండ పక్కనే. నాయనమ్మ పోయి తొమ్మిదేళ్లయింది. బతికున్నప్పుడు ఎన్నికలొస్తే చాలు, అదే కథ మొదలుపెట్టేది. మొదటి ఓట్లప్పుడు ఆమెకు ఇరవై రెండేళ్లట, చంకలో మా పెద్దనాన్న. "రెండు చీటీలిచ్చిండ్రు బిడ్డా. ఒకటి రావి నారాయణరెడ్డి డబ్బల ఏసిన, ఇంకొకటి అచ్చాలు డబ్బల ఏసిన. రెండూ ఢిల్లీకే." ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

మొన్న దసరాకు అందరం కలిసినప్పుడు ఈ ముచ్చట ఎత్తాను. మా బావ ఊరుకుంటాడా! "ఒక మనిషికి రెండు ఓట్లేంది? ముసలామె దొంగ ఓటేసి, దాన్ని గొప్పగా చెప్పుకుంది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ మనసులో మంట.

రాత్రి ఫోన్‌లో మొదటి లోక్‌సభ సభ్యుల జాబితా వెతికాను. హైదరాబాద్ రాష్ట్రం కింద చూస్తే నల్లగొండ రెండుసార్లు కనిపించింది. ఒకచోట రావి నారాయణరెడ్డి, ఇంకోచోట సుంకం అచ్చాలు. ఉపఎన్నిక ఏమైనా వచ్చిందేమో అనుకున్నా. కాదు, ఇద్దరూ 1952లోనే, ఒకే ఎన్నికలో గెలిచారు. ఒక ఊరికి ఇద్దరు ఎంపీలా?

ఇంకో సంగతి కూడా. రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయని మా దగ్గర పిల్లలకు కూడా తెలుసు. "ఒక్కొక్కరు రెండేసి ఓట్లు వేస్తే రాక ఏం చేస్తయి" అని బావ దానికీ వంక పెట్టాడు. తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి. వచ్చే ఆదివారం బావ మళ్లీ వస్తున్నాడు.

బెజవాడ బాబాయ్:

ఇందులో అంత ఆలోచించేదేముంది తమ్ముడూ. అప్పట్లో అసెంబ్లీకి, పార్లమెంటుకు ఎన్నికలు కలిపే జరిగేవి. ఒక చీటీ అసెంబ్లీది, ఒక చీటీ పార్లమెంటుది. పెద్దావిడ కలిపేసి చెప్పి ఉంటుంది.

నల్లగొండ మనవడు:

నేనూ ముందు అదే అనుకున్నానండీ. కానీ ఆమె ఇద్దరి పేర్లూ చెప్పింది, ఆ రెండు పేర్లూ పార్లమెంటు జాబితాలోనే ఉన్నాయి. బడి మొహం చూడని మనిషి. అరవై ఏళ్ల తర్వాత కూడా రెండో పేరు సరిగ్గా చెప్పిందంటే ఊరికే కలిపి చెప్పినట్టు అనిపించదు.

పార్వతీపురం మాస్టారు:

బాబూ, మీ నాయనమ్మ గారు చెప్పింది అక్షరాలా నిజం. మీ బావగారికి ఈ పోస్టు చదివి వినిపించండి.

1952లోనూ 1957లోనూ కొన్ని నియోజకవర్గాలకు ఇద్దరు సభ్యులు ఉండేవారు. ద్విసభ్య నియోజకవర్గాలు అనేవారు. ఒకటి జనరల్ సీటు, రెండోది ఎస్సీలకో ఎస్టీలకో రిజర్వు చేసిన సీటు. ఇప్పటిలా ఒక నియోజకవర్గాన్ని మొత్తంగా రిజర్వు చేయడం కాకుండా, పెద్ద నియోజకవర్గం గీసి అందులోంచి ఇద్దరిని పంపేవారు. 1952లో లోక్‌సభకు 489 సీట్లుంటే నియోజకవర్గాలు 401 మాత్రమే. వాటిలో 86 ఇద్దరు సభ్యులవి, బెంగాల్లో ఒకచోటైతే ఏకంగా ముగ్గురు.

ఇద్దరు సభ్యులున్నచోట ప్రతి ఓటరుకూ రెండు ఓట్లు. రెండూ ఒకే మనిషికి వేయడానికి మాత్రం వీల్లేదు. అప్పుడు చీటీ మీద ముద్ర గుద్దడం కూడా లేదు. తెర వెనక ఒక్కో అభ్యర్థికి ఒక్కో డబ్బా, దాని మీద గుర్తు అంటించి ఉండేది. నచ్చినవాడి డబ్బాలో చీటీ పడేయడమే. అందుకే ఆవిడ "డబ్బల ఏసిన" అన్నారు. చూసిన మనిషి చెప్పిన మాట అది.

మా నాన్నగారు బడిపంతులు. 1957లో సాలూరు అవతల ఒక ఏజెన్సీ ఊళ్లో పోలింగు డ్యూటీ పడింది. ఎడ్లబండి మీద డబ్బాలు వేసుకుని వెళ్లారట. రెండు చీటీలు చేతికిచ్చి "రెండూ ఒకే డబ్బాలో వెయ్యకండర్రా" అని చెప్పీ చెప్పీ సాయంత్రానికి గొంతు పోయిందని నవ్వేవారు. తర్వాతి రోజుల్లో నేనూ ఎలక్షన్ డ్యూటీలు చేశాను. ఒక్క ఓటుకే ఆ టెన్షన్ తట్టుకోలేకపోయేవాళ్లం. ఇక రెండంటే!

ఆ 1957 ఎన్నికే మా పార్వతీపురంలో పెద్ద గొడవైంది. అదీ ద్విసభ్యమే, ఒకటి జనరల్, ఒకటి ఎస్టీ. జనరల్ సీటుకు కాంగ్రెస్ తరఫున నిలబడింది వి.వి.గిరి. అవును, తర్వాత రాష్ట్రపతి అయిన గిరిగారే. 1952లో ఆయన పాతపట్నం నుంచి గెలిచి కేంద్రంలో కార్మిక మంత్రి అయ్యారు. 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాల వ్యవహారంలో ప్రభుత్వంతో పడక రాజీనామా చేశారు. అంత పేరున్న మనిషి, మా దగ్గర ఓడిపోతారని ఎవరూ అనుకోలేదు.

ఓట్లు లెక్కపెడితే మొదటి రెండు స్థానాల్లోనూ గిరిజన అభ్యర్థులే వచ్చారు. బిడ్డిక సత్యనారాయణ, డిప్పల సూరిదొర. గిరిగారు మూడో స్థానం. సూరిదొరకూ ఆయనకూ తేడా ఐదారు వందల ఓట్లే. రూలు ప్రకారం ముందు రిజర్వు సీటు నింపాలి. అది సత్యనారాయణకు పోయింది. మిగిలిన సీటు, మిగిలినవాళ్లలో ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే వాళ్లది. అంటే సూరిదొరది. జనరల్ అంటే ఇతర కులాలవాళ్లకు రాసిపెట్టిన సీటు కాదు, అందరిదీ.

గిరిగారు ఒప్పుకోలేదు. రిజర్వు సీటుకు నామినేషన్ వేసిన మనిషి జనరల్ సీటు ఎలా తీసుకుంటాడని ఒక వాదన. సూరిదొర తాము క్షత్రియులమని చెప్పుకున్నాడు కాబట్టి అసలు గిరిజనుడే కాదని ఇంకో వాదన. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1959లో అక్కడా గిరిగారు ఓడిపోయారు. కేసు నడుస్తున్నప్పుడే ఆయన ఉత్తరప్రదేశ్ గవర్నరు, 1969లో రాష్ట్రపతి. మా ఊళ్లో ఓడి ఢిల్లీలో అన్నిటికంటే పెద్ద ఇంట్లోకి వెళ్లారని మా నాన్నగారు అనేవారు.

1961లో చట్టం చేసి ఈ పద్ధతి తీసేశారు. నియోజకవర్గాలు మరీ పెద్దవైపోతున్నాయి, ఖర్చూ తిరుగుడూ ఎక్కువ అన్నది పైకి చెప్పిన కారణం. అది అబద్ధమేమీ కాదు. కానీ రిజర్వుడు అభ్యర్థులు జనరల్ సీటు కూడా పట్టుకుపోతారేమోనన్న భయం కూడా ఉండే ఉంటుందని నా అనుమానం. పార్వతీపురం వాణ్ని కదా, నాకు అలాగే తోస్తుంది.

లెక్కల పిచ్చి:

మాస్టారు బాగా చెప్పారు. నెహ్రూ సంగతి వదిలేశారు కాబట్టి అది నేను అందుకుంటాను.

రావి నారాయణరెడ్డికి వచ్చినవి 3,09,162. నెహ్రూకు దాదాపు 2.33 లక్షలు. "రెండు ఓట్లుంటే ఎందుకు రావు" అని మీ బావగారు అన్నారు కదా, ఆ వాదన ఇక్కడ చెల్లదు. ఎందుకంటే నెహ్రూ అలహాబాద్ వైపు నిలబడిన నియోజకవర్గం కూడా ద్విసభ్యమే! ఆయనతో పాటు గెలిచిన రెండో సభ్యుడు మసూరియా దీన్. అక్కడి ఓటరుకూ రెండు చీటీలే. పైగా ఒక మనిషి డబ్బాలో ఒక ఓటరు వేయగలిగేది ఒక్క చీటీయే. 3 లక్షల ఓట్లంటే 3 లక్షల మంది మనుషులే.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. రెండు చోట్లా ఓటర్ల సంఖ్య ఒకటి కాదు, కాబట్టి ఎవరు గొప్ప అన్నది ఈ అంకెతో తేలదు. నాకైతే ఓట్ల సంఖ్య కంటే ఆయన ఏ పరిస్థితిలో గెలిచారన్నదే పెద్ద విషయం. తెలంగాణ సాయుధ పోరాటం విరమించి కొన్ని నెలలే. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఇంకా ఉంది. అందుకే కమ్యూనిస్టు నాయకుడైన ఆయన పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీ చేశారు.

జాబితాలో 1962 కూడా చూడండి. నల్లగొండ నుంచి మళ్లీ రావి నారాయణరెడ్డే, ఈసారి సీపీఐ పేరుతోనే. పక్కన రెండో పేరు ఉండదు.

బెజవాడ బాబాయ్:

సరే, నేను తొందరపడ్డాను. తప్పు ఒప్పుకుంటున్నాను, పెద్దావిడకు ఒక దండం.

దీని పుణ్యమా అని నేనూ ఆ జాబితా తెరిచాను. మా విజయవాడ కోసం ఆంధ్ర కింద వెతికితే లేదు! తర్వాత వెలిగింది, 1952లో ఆంధ్ర రాష్ట్రమే లేదు కదా, 1953 అక్టోబర్ 1న కదా వచ్చింది. మద్రాసు రాష్ట్రం కింద ఉంది. మొదటి ఎంపీ ఎవరనుకున్నారు? హరీంద్రనాథ్ చటోపాధ్యాయ. సరోజినీ నాయుడు తమ్ముడు, హైదరాబాద్‌లో పుట్టిన బెంగాలీ, ఇంగ్లీషులో కవిత్వం రాసే మనిషి. కమ్యూనిస్టుల మద్దతుతో ఇండిపెండెంటుగా గెలిచాడు. ఇప్పుడు పక్క జిల్లా మనిషిని నిలబెడితేనే నాన్ లోకల్ అని గోల చేస్తున్నాం. యాభై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నాను, నాకే తెలియదు.

నల్లగొండ మనవడు:

అందరికీ దండాలు. మాస్టారూ, మీ పోస్టు మొత్తం ఆదివారం బావకు చదివి వినిపించాను. గిరిగారి కేసు దగ్గర ఫోన్ లాక్కుని తనే చదువుకున్నాడు. చివరికి "సరే, ముసలామె మాట నిజమే" అన్నాడు. అని ఊరుకున్నాడా! "అసెంబ్లీ ఎన్నిక కూడా అప్పుడే కదా, మరి ఆ చీటీ సంగతి ఎన్నడూ చెప్పలేదేం?" అని కొత్త పేచీ మొదలుపెట్టాడు.

వంటింట్లోంచి అమ్మ జవాబిచ్చింది. అసెంబ్లీ చీటీ మా తాత చెప్పినోళ్లకు వేసిందట. అది తన ఓటు కాదని, అందుకే దాని ఊసెత్తేది కాదని అత్తమ్మే ఒకసారి చెప్పిందట.